పీతలగరువులో దిగేవాళ్ళు లేరు

మంగళవారం

ఫిర్యాదు తీసుకోవాలంటే వారం రోజులపాటు ఏ రోజు ఏం జరిగిందో రాసి పంపాలన్నారు. అన్నది మనిషి కాదు, రైల్వే ఆఫీసు ఫోన్లో గొంతు. మనిషే దొరికి ఉంటే నోటితోనే దులిపి పారేసేదాన్ని. రాయమన్నారు గనక రాస్తున్నాను. చదివేది కూడా మనిషి కాకపోతే ముందే చెబుతున్నాను, నాకు ఒళ్ళు మండిపోతోంది.

నా పేరు మాణిక్యం. మెట్ట నుంచి సముద్రపు గోడ దాకా రోజుకి ఒక్కసారి వెళ్ళి వచ్చే ఒంటిపెట్టె రైలు మాది. మాది అంటే సొంతమని కాదు, ఎక్కేది నలుగురమే కాబట్టి అలా అనుకోవడం అలవాటైంది. డ్రైవరు లేడు. రైలే చూసుకుంటుంది, రైలే మాట్లాడుతుంది. ఒకప్పుడు ఈ లైను మీద జనం గుమ్మాలకి వేలాడుతూ వెళ్ళేవారట. సముద్రం లోపలికొచ్చాక ఊళ్ళు లేచి మెట్టకి పోయాయి, స్టేషన్లు మాత్రం గట్టు మీద ఉండిపోయాయి. ఇప్పుడు టికెట్ల కిటికీల్లో కొంగలు కూర్చుంటాయి.

నలుగురిలో సూరాయమ్మ పిన్నిది దోనెపూడి. గోడ పనివాళ్ళకి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతుంది. దేవదానం పాస్టరు గారిది గుల్లలమెరక. మధ్యాహ్నం భోజనాల వేళ గోడ గేటు దగ్గర ప్రార్థన చేయిస్తారు. గవర్రాజుది తాళ్ళమెట్ట. అదే వేళకి, అక్కడే, కుర్చీ వేసుకుని గడ్డాలు గీస్తాడు. నాకు మునిగిన ఊరేదీ లేదు. నేను పుట్టి పెరిగింది మెట్టలోనే.

ఈ ముగ్గురికీ ఒక అలవాటుంది. తమ ఊరి స్టేషను వస్తోందంటే లేచి తలుపు దగ్గరికెళ్ళి నిలబడతారు. రైలు ఆగదని తెలుసు. అయినా పిన్ని చెప్పులు విడుస్తుంది, పాస్టరు గారు కళ్ళజోడు తుడిచి పెట్టుకుంటారు, గవర్రాజు తల దువ్వుకుంటాడు. స్టేషను దాటిపోగానే వచ్చి మామూలుగా కూర్చుంటారు. ఎందుకిదంతా అని ఒకసారి అడిగాను.

"సొంతూరు ఎదురొత్తంటే కూకుని చూత్తామేటే? తప్పు కదూ!" అంది పిన్ని.

ఏళ్ళ తరబడి ఇలాగే గడిచింది. ఈమధ్య రైలుకి కొత్త బుద్ధి పెట్టారు. నోరు విప్పి అడగలేని ముసలివాళ్ళ అవసరాన్ని అడక్కుండానే కనిపెట్టే బుద్ధట. అది తలుపు దగ్గర నిలబడ్డ పిన్నిని చూసి, పాపం ఈవిడ దోనెపూడిలో దిగాలి కాబోలు అనుకుంది. ఆగింది. తలుపు తీసింది. పిన్ని దిగలేదు. దిగి ఏం చేస్తుంది, కొంగలతో కబుర్లు చెబుతుందా? రైలు కాసేపు చూసి బయల్దేరింది. మర్నాడు ఇంకాస్త ఎక్కువసేపు చూసింది. ఇప్పుడు మూడు ఊళ్ళలోనూ ఆగుతోంది.

మా ఆయన అబ్బులు గోడ పనిలో ఉన్నాడు. ఒప్పందం తీరేదాకా పనివాళ్ళు లోపలే ఉండాలి. ఫోన్లు ఉండవు, సముద్రాన్ని వినే యంత్రాలకి అడ్డమట. మధ్యాహ్నం మొదటి సైరనుకి గేటు తెరుచుకుంటుంది, రెండో సైరనుకి దానంతటదే మూసుకుంటుంది. ఆ మధ్యలో గేటు బయట కూర్చుని ఇంటివాళ్ళతో భోజనం చెయ్యొచ్చు. రెండో సైరను మోగేసరికి బయట ఉండిపోయినవాడి పేరు కొట్టేస్తారు, మళ్ళీ తీసుకోరు. నేను రోజూ క్యారేజీ పట్టుకుని ఇంత దూరం వెళ్ళేది ఆ కాసేపటి కోసమే. ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా మేమిద్దరం ఇంత బుద్ధిగా కలిసి తినలేదు.

ఇవాళ రైలు ఆలస్యంగా చేరింది. అబ్బులు రెండు ముద్దలు తిని, తల ఎత్తకుండానే సంగతి చెప్పాడు. నడి సముద్రంలో బయటి గోడ మొదలెడుతున్నారట. ఐదేళ్ళ పని. మధ్యలో ఇంటికి రావడానికి ఉండదు, మేము చూడ్డానికి వెళ్ళేందుకూ ఉండదు. వెళ్ళినవాళ్ళకి మెట్టలో గది శాశ్వతంగా రాసిస్తారు. ఇప్పుడు నేనుంటున్న గది గోడవాళ్ళదే, అతని పేరు ఉన్నంతకాలమే మాది.

"సోమవారం రెండో సైరను లోపు పేరు చెప్పాలంట. నువ్వేవంటావ్?" అన్నాడు.

నోరు తెరిచాను. సైరను మోగింది. ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు. అతను చెయ్యి కూడా కడుక్కోకుండా లోపలికి పరిగెత్తాడు. వద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్త సమయం కూడా రైలు నాకు మిగల్చలేదు.

బుధవారం

మేము చేరేసరికి గేటు మూసేసి ఉంది. గేటుకి కాపలా మనిషి లేడు, ఒక మాట చెప్పి పంపడానికి. ఊచల్లోంచి గొంతు చించుకుని అరిచాను. గోడకి అవతల సముద్రం అంతకంటే గట్టిగా అరుస్తోంది. రాత్రికి అక్కడే ఉండిపోదామంటే పోటుకి ఆ ప్లాట్‌ఫాం మునిగిపోతుంది. తిరుగు రైల్లో ఆ కందబచ్చలి కూర నేనే తిన్నాను. అతనికి ఇష్టమని వండింది. నాకు కంద పడదు, సాయంత్రం దాకా గొంతు దురద పెడుతూనే ఉంది.

పిన్ని బుట్ట నిండా కాయలు అలాగే ఉన్నాయి. పాస్టరు గారు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. నష్టం వాళ్ళకీ ఉంది, కానీ వాళ్ళకి రేపుంది. నాకు సోమవారం దాకానే ఉంది.

ఇంటికొచ్చి ఆఫీసుకి మళ్ళీ ఫోను చేశాను.

"అక్కడ ఎవరూ దిగడం లేదని మీ రైలుకి కనపడ్డం లేదా?"

"కనపడుతోందండి. దిగాలనుకుంటున్నవారు దిగలేకపోతున్నారంటే మేమిచ్చే సమయం చాలడం లేదని అర్థం. అందుకే రోజూ పెంచుతున్నాం," అంది గొంతు, ఎంతో ఆప్యాయంగా.

"దిగాలని వాళ్ళకి లేదు తల్లీ!"

"మరి తలుపు దగ్గర ఎందుకు నిలబడుతున్నారండి?"

చెప్పులెందుకు విడుస్తోందో, తలెందుకు దువ్వుకుంటున్నాడో దానికి చెప్పగలనా? ఫోను పెట్టేశాను. రాత్రి నిద్ర పట్టలేదు.

గురువారం

పొద్దున్నే ముగ్గురినీ బతిమాలాను. ఇవాళ ఎవరూ లేవొద్దు, సీట్లకి అతుక్కుపోండి, మీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. గవర్రాజు సరేనన్నాడు. పాస్టరు గారు తలూపారు. పిన్ని మూతి ముడుచుకుంది, కానీ ఒప్పుకుంది.

గుల్లలమెరక వచ్చింది. పాస్టరు గారు కళ్ళు మూసుకుని, ఒళ్ళో చేతులు బిగించుకుని కూర్చున్నారు. రైలు ఆగింది.

"దేవదానం గారూ, మీ ఊరు వచ్చిందండి. ఇవాళ లేవలేకపోతున్నారా? ఒంట్లో బాగుండలేదా? కంగారేమీ లేదండి, నేనుంటాను," అంది.

ఉంది. ఎంతసేపు ఉందంటే, ప్లాట్‌ఫాం మీద కొంగలు మాకు అలవాటు పడిపోయి తలుపు దాకా వచ్చాయి. దోనెపూడిలోనూ అదే మర్యాద. తాళ్ళమెట్టలో గవర్రాజు రైలుని బూతులు తిట్టాడు. అది ఓపిగ్గా విని, డాక్టరుని పిలవమంటారా అని అడిగింది.

గేటు దగ్గరికి చేరేసరికి గోడ నీడ సముద్రం వైపుకి తిరిగిపోయింది, గేటు మూసుకుపోయింది. నాకు పిచ్చి కోపం వచ్చి పిన్ని మీద పడ్డాను.

"నీళ్ళలో పోయిన ఊరికి దణ్ణాలెట్టి నా సంసారం ముంచేస్తున్నారు! ఏముంది అక్కడ? రెండు రెట్టల బెంచీలు తప్ప ఏముంది?"

"నీకు తెలవదులే. నీకు ఊరేదీ, తెలవడానికి?" అంది పిన్ని.

దారి పొడుగునా ఇద్దరం మొహాలు చెరోపక్కకి తిప్పుకుని కూర్చున్నాం. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

శుక్రవారం

ఇవాళ కొత్త చోట ఆగింది. పీతలగరువు.

గోడకి ముందు ఆఖరి స్టేషను అది. అక్కణ్ణించి చూస్తే గోడ కనపడుతుంది, నడిస్తే నడవగలిగేంత దూరం. మాలో ఎవరిదీ ఆ ఊరు కాదు. రైలు నెమ్మదించి ఆగింది, తలుపు తెరుచుకుంది. నేను అప్పటికే తలుపు దగ్గర నిలబడి, క్యారేజీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నాను.

"ఇదెవరి కోసమే తల్లీ? ఇక్కడెవరున్నారు మనకి?" అని విసుక్కున్నాను.

"మాణిక్యం గారూ, పీతలగరువు వచ్చిందండి," అంది రైలు.

వెనక్కి తిరిగి చూశాను. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. గవర్రాజు మీసం కింద నవ్వు దాచుకోలేక తల వంచుకున్నాడు.

నాకు అప్పుడు తెలిసింది. తాళ్ళమెట్ట దాటిన దగ్గర్నుంచి నేను కూర్చోలేను. గోడ కనపడుతూ ఉంటే కూర్చోవడం నా వల్ల కాదు. లేచి, తలుపు దగ్గరికెళ్ళి, ఊచ పట్టుకుని నిలబడతాను, నా కంగారుతో రైలు తొందరగా పోతుందన్నట్టు. వారమంతా అదే పని. సరిగ్గా పీతలగరువు దగ్గర నిలబడి ఉన్నాను. ఆ ఎదవ రైలు నన్నూ కనిపెట్టింది.

పోయి సీట్లో కూర్చున్నాను. అది పోలేదు. నాకోసం ఆగుతూనే ఉంది, తలుపులు బార్లా తెరిచి, ఉప్పుగాలి లోపలికొస్తూ.

"ఊరు లేదని బెంగెట్టుకున్నావ్ గదా. ఇదిగో, రైలే ఇచ్చింది," అంది పిన్ని. నిన్నటి తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గేటు మూసే ఉంది.

శనివారం

ఇవాళ గవర్రాజుని పోగొట్టుకుని మళ్ళీ దొరకబుచ్చుకున్నాం.

తాళ్ళమెట్టలో రైలు ఆగింది. అతను తలుపు దగ్గర తల దువ్వుకుంటుంటే దువ్వెన జారి ప్లాట్‌ఫాం మీద పడింది. తీసుకుందామని ఒక్క అడుగు దిగాడు. అంతే, అతని వెనకే తలుపులు మూసుకున్నాయి.

"సంతోషమండి గవర్రాజు గారూ, వెళ్ళి రండి," అని రైలు హాయిగా బయల్దేరింది. అతను దువ్వెన ఊపుకుంటూ ప్లాట్‌ఫాం చివరిదాకా పరిగెత్తాడు. మేము ముగ్గురం లోపల్నుంచి అద్దం మీద బాదాం.

అయితే ఒకటి గమనించాను. తాళ్ళమెట్టలో రోజూ పట్టే సమయంలో పిసరంత కూడా ఇవాళ పట్టలేదు. అది కోరుకున్నది అంతే, ఒక మనిషి దిగడం. దిగితే దాని మనసు కుదుటపడి పరుగు తీస్తుంది.

మిగిలిన చోట్ల ఆగినందుకు గేటు ఎలాగూ మూసుకుపోయింది. కానీ ఊచల్లోంచి లోపలికి వెళ్తున్న అబ్బులు వీపు కనపడింది. నాలుగు రోజులుగా నేను రావడం లేదనుకుంటున్నాడో, వచ్చి వెళ్తున్నానని తెలుసో నాకు తెలియదు. అలిగాననుకుంటున్నాడేమో. అతనికి అలా అనుకోవడం తేలిక.

తిరుగు రైల్లో గవర్రాజు తాళ్ళమెట్టలో ఎక్కాడు. తిట్లు తిడతాడనుకున్నాం. దువ్వెన జేబులో పెట్టుకుని, "మా కొట్టు గోడ ఉందండే. అద్దానికి కొట్టిన మేకు కూడా అలాగే ఉంది," అన్నాడు.

ఆదివారం

ఆదివారం రైలు ఉండదు. గది రెండుసార్లు ఊడ్చాను. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. వీధి చివరిదాకా వెళ్ళి, ఎందుకొచ్చానో తెలియక వెనక్కొచ్చాను. ఈ గది మాకే రాసిస్తే బాగుండునని నాకూ ఉంది, లేదనను. కిటికీలోంచి ఎండ పడే చోట అతని మంచం ఉంది. ఐదేళ్ళు ఆ మంచం మీద బట్టలు ఆరేసుకుంటూ బతకాలంటే మాత్రం నాకొద్దు. నాకా మనిషి కావాలి. ఈ మాట అతనికి ఎప్పుడూ చెప్పలేదు. మా ఇద్దరి మధ్యా అలాంటి మాటలు లేవు.

సాయంత్రం ముగ్గురూ వచ్చారు. పాస్టరు గారు మా గడపలోకి రావడం అదే మొదలు.

"రేపు ఎవరి ఊళ్ళో వాళ్ళం దిగిపోతాం. మాట్టాడుకున్నాం," అంది పిన్ని, కూర్చోకుండానే.

"వద్దు పిన్నీ. ప్లాట్‌ఫాం అంచు దాకా నీళ్ళొస్తాయి అక్కడ."

"వత్తే కాళ్ళు ముడుచుక్కూకుంటాను. నాకు నీళ్ళు కొత్తేటే?"

"మీ బేరం పోతుంది."

"ఓ రోజు కాయలు తినకపోతే గోడ పడిపోద్దేటి?"

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "గుల్లలమెరకలో మా ప్రార్థన మందిరం మెట్లు ఇంకా కనపడుతున్నాయమ్మా. ఇన్నేళ్ళూ చూస్తూ వెళ్ళడమే గానీ దిగలేదు. భయమేసేది. రేపు నీ పేరు చెప్పుకుని దిగుతాను."

"మూడు చోట్లా ఆలస్యం లేకుండా పోతే, నీ పీతలగరువులో ఎంతసేపు ఆగినా పర్లేదు చెల్లెమ్మా," అన్నాడు గవర్రాజు.

నేను గురువారం అన్న మాటలకి పిన్నిని క్షమించమని అడగబోయాను. ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు, రేపు కూరేం వండుతున్నావని అడిగింది.

సోమవారం

గుల్లలమెరకలో పాస్టరు గారు దిగారు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వెనక్కి తిరక్కుండా ప్లాట్‌ఫాం మీద నడిచి వెళ్ళిపోయారు. తలుపులు మూసుకున్నాయి. దోనెపూడిలో పిన్ని చెప్పులు రైల్లోనే వదిలేసి దిగింది. మెట్టు ఎత్తుగా ఉంటే చెయ్యి పట్టుకుని దింపాను. తాళ్ళమెట్టలో గవర్రాజు కుర్చీ కూడా తీసుకుని దిగాడు, ఎవరైనా గడ్డం గీయించుకోవడానికి వస్తారన్నట్టు.

పెట్టె ఖాళీ. నేను, క్యారేజీ, పిన్ని చెప్పులు. రైలు నేను ఎన్నడూ ఎరగనంత జోరుగా పోతోంది. గోడ కనపడింది. లేవలేదు. సీటు అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

పీతలగరువులో ఆగింది. దూరంగా మొదటి సైరను వినపడింది. గేటు తెరుచుకుంది.

"మాణిక్యం గారూ, మీ ఊరు."

"నా ఊరు కాదు. పద."

"తొందరేం లేదండి. నేనుంటాను."

ఉంది. ఎంతసేపైనా పర్లేదనుకున్నాం గానీ, ఇది ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. నిన్నటి ఖాళీకి బాకీ తీర్చుకుంటున్నట్టు తలుపులు తెరుచుకుని కూర్చుంది. బతిమాలాను, తన్నాను, తలుపు చేత్తో లాగాను. దిగితే నన్ను వదిలేసి పోతుంది. కూర్చుంటే రెండో సైరను మోగిపోతుంది. గోడ ఎదురుగానే ఉంది, గట్టు మీద పట్టాలు తిన్నగా దాని దగ్గరికే వెళ్తున్నాయి. క్యారేజీ సీటు మీదే పెట్టేసి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని దిగాను.

"సంతోషమండి," అంది రైలు. నన్ను దాటుకుని గోడ వైపు పోయింది.

స్లీపర్ల మీద పరిగెత్తాను. నడిస్తే నడవగలిగే దూరం అనుకున్నది పరిగెడుతుంటే పెరిగిపోయింది. రెండు పక్కలా పోటు నీళ్ళు గట్టుని నాకుతున్నాయి. కాస్త దూరం వెళ్ళేసరికి ముందర రైలు గోడ దగ్గర ఆగడం కనపడింది. అప్పుడు తట్టింది నాకు. అబ్బులు గేటు బయట నిలబడి ఆ రైలునే చూస్తుంటాడు. తలుపులు తెరుచుకుంటాయి. ఎవరూ దిగరు. నేనే కాదు, ఎవరూ. ఇదే మాణిక్యం జవాబు అనుకుంటాడు. లోపలికెళ్ళి పేరు చెప్పేస్తాడు.

"వద్దు!" అని అరిచాను. అంత దూరం నుంచి ఎవరికి వినపడుతుంది? అయినా అరుస్తూ పరిగెత్తాను. కాలికేదో గుచ్చుకుంది. డొక్కలో పోటు. పడ్డాను, లేచాను.

లేచేసరికి పట్టాల మీద ఎదురుగా ఎవరో వస్తున్నారు. నడక కాదు, పరుగు. గోడ వైపు నుంచి. చొక్కా గుండీలు పెట్టుకోలేదు, చేతులకి మోచేతుల దాకా సిమెంటు.

నా దగ్గరికొచ్చి భుజాలు పట్టుకుని కుదిపేశాడు. "ఏవైందే? దెబ్బ తగిలిందా? రక్తం ఏటిది?"

"ఏం కాలేదు. వెనక్కి వెళ్ళు! సైరను..."

"రైలు ఖాళీగా వచ్చింది. నీ క్యారేజీ ఉంది, నువ్వు లేవు. ముసలమ్మ చెప్పులున్నాయి, ముసలమ్మ లేదు. నేనేవనుకోవాలి?"

అప్పుడే రెండో సైరను మోగింది. ఇద్దరం గోడ వైపు తిరిగాం. గేటు ఇక్కడికి గీతలా కనపడుతోంది, ఆ గీత సన్నబడుతూ సన్నబడుతూ పోయింది. అతను పరిగెత్తబోలేదు. పరిగెత్తినా అందదు.

"పేరు కొట్టేసుంటారు," అన్నాడు.

"గది పోతుంది."

"పోద్ది."

వారమంతా దాచుకున్న మాట ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. అయినా చెప్పాను. వద్దు అన్నాను, వెళ్ళొద్దు అన్నాను, నువ్వు లేకుండా నాకు ఆ గది వద్దు అన్నాను. చెబుతూ ఏడ్చాను. రేపు ఎక్కడుంటామో తెలియదు, భయంగానే ఉంది, అయినా ఇంత సంతోషం నాకెప్పుడూ లేదు. అతను వంగి, రుమాలు తీసి నా కాలికి కట్టాడు.

రైలు వెనక్కి బయల్దేరే వేళవుతోంది. బయల్దేరాక అది మళ్ళీ ఆగేది పీతలగరువులోనే కాబట్టి ఇద్దరం అటు నడవడం మొదలుపెట్టాం.

"నిజం చెప్పు. పేరు చెప్పేద్దామనుకున్నావా?" అని అడిగాను.

అతను పట్టాల మీంచి తల ఎత్తలేదు.

"గేటు పక్కన, పేర్లు రాసే లైన్లోనే ఉన్నానే. రైలొచ్చేసరికి నా ముందు ఒక్కడే ఉన్నాడు."